ఇళ్లలోకి నీళ్లొస్తే తప్ప చెరువు గుర్తురాదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

చిత్తడి నేలల గురించి, అంటే చెరువులు, కుంటలు, బురద నేలల గురించి, మొన్న మీ ఎడిట్ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. జనంలో అవగాహన పెరిగితే ప్రభుత్వ విధానం దానంతటదే మారుతుందని రాశారు. రాసినాయన మీద గౌరవం ఉంది గానీ ఆ మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. అవగాహనకేం కొదవండీ? ఏటా ఫిబ్రవరి 2 రాగానే చిత్తడి నేలల దినోత్సవమని బళ్లలో పిల్లల చేత కొంగ బొమ్మలు గీయిస్తారు, ర్యాలీ తీయిస్తారు, మర్నాడు అదే బడి వెనక కుంటలో టిప్పర్లు మట్టి పోస్తుంటాయి. నేను చూసినంతలో విధానం మారేది ఎవరి ఇంట్లోకి నీళ్లొచ్చాయో, ఎవరి నోటికాడ కూడు పోయిందో వాళ్లు రోడ్డెక్కినప్పుడు, లేదంటే ఎవరో ఒక మొండి మనిషి కోర్టు మెట్లెక్కి ఏళ్ల తరబడి దిగనప్పుడు. ఆ వేడి చల్లారాక అదే విధానం వెనక్కి కూడా నడుస్తుంది. ముందుకు నడిస్తే మీరు మొదటి పేజీలో వేస్తారు. వెనక్కి నడిచింది మాత్రం ఎవరి కంటా పడదు, ఎందుకంటే ఆ పని గెజిట్‌లో నిర్వచనాల దగ్గర చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది.

నేను విజయవాడలో దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు రాసుకునే మనిషిని. కాబట్టి నా చూపు కొంగల మీద కంటే హద్దుల మీదే ఉంటుంది, ఏమనుకోకండి.

2024 సెప్టెంబరు సంగతి మీకు చెప్పక్కర్లేదు. వెలగలేరు దగ్గర బుడమేరు వాగు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి. మామూలుగా అయితే ఆ నీళ్లు వెళ్లి కృష్ణలో కలవాలి, కానీ ఆ రోజుల్లో కృష్ణే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో పొంగుతోంది, ఎప్పుడూ లేనంత వరద. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో నానాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు, మంచినీళ్లు వేశారు, గండ్లు పూడ్చడానికి ఆర్మీ వచ్చింది, ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం పెట్టారు. నీళ్లు తీశాక ఆ వీధుల్లో పిట్టగోడల మీద జనం ఏం ఆరబెట్టుకున్నారో మీ ఫొటోగ్రాఫర్లు చూసే ఉంటారు. పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు, ఇంటి కాగితాలు. తడిసిన స్టాంపు పేపరు ఆరాక అప్పడంలా బిరుసెక్కుతుంది, మడత దగ్గర ముట్టుకుంటే విరిగిపోతుంది. వాటికి సర్టిఫైడ్ కాపీలు తీయించుకోవడానికి చాలామంది మా బల్లల దగ్గరికి వచ్చారు. అలా వచ్చిన కాగితాల్లో షెడ్యూలు, అంటే స్థలం హద్దులు రాసే భాగం, చదివితే నాకు ఒళ్లు మండింది. పాత లింకు డాక్యుమెంట్లో "ఉత్తరం: వాగు పోరంబోకు" అని ఉంటుంది. తర్వాతి డాక్యుమెంట్లో అదే ఉత్తరం హద్దు "డ్రెయినేజీ" అయింది. ఆ తర్వాతి దాంట్లో "20 అడుగుల రోడ్డు". స్థలం అదే, సర్వే నంబరు అదే. చేతులు మారినప్పుడల్లా వాగు కాస్త జరుగుతూ పోయి, చివరికి కాగితం మీద నుంచే లేచిపోయింది. నీళ్లకి మాత్రం దారి గుర్తుంది.

ఆ వరద తర్వాతే ఆక్రమణలు తీసేసి వాగును బాగుచేస్తామని "ఆపరేషన్ బుడమేరు" అన్నారు. అంతకు ముందు 2005లో కూడా ఇదే బుడమేరు ఇదే ఊరిని ముంచింది, అప్పుడూ బోలెడు మాటలు చెప్పారు. బెజవాడ దుఃఖదాయిని అని దానికి పేరు పెట్టి చేతులు దులుపుకున్నాం గానీ, దాని పొట్ట మీద ఇల్లు కట్టింది మనమే కదా!

దేశం సంగతికి వద్దాం. ఇరాన్‌లో రామ్‌సర్ అనే ఊళ్లో 1971లో చిత్తడి నేలల ఒప్పందం కుదిరితే మన దేశం 1982లో చేరింది. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. ఆ చట్టం కింద చిత్తడి నేలలకంటూ ప్రత్యేకంగా నిబంధనలు వచ్చింది ఎప్పుడో తెలుసా, 2010లో. అంటే ఒప్పందంలో చేరిన 28 ఏళ్లకు. ఈ మధ్యలో సైంటిస్టులు చెప్పక కాదు, పక్షుల లెక్కలు లేకా కాదు. అడిగేవాడు లేడు, అంతే. ఈలోగా 2001లో సుప్రీంకోర్టులో ఎం.కె. బాలకృష్ణన్ తదితరులు వేసిన కేసు ఒకటి కొల్లేటి చాంతాడంత సాగి సాగి 2017 ఫిబ్రవరి 8న ఒక గట్టి ఉత్తర్వు దగ్గరికి వచ్చింది. ఇస్రో ఉపగ్రహాలతో గుర్తించిన 2,01,503 చిత్తడి నేలలను, అంటే రెండుంబావు హెక్టార్లకు పైబడినవాటిని, 2010 నిబంధనల్లో చెప్పిన సూత్రాల ప్రకారమే కాపాడాలని కోర్టు చెప్పింది. చెరువుల పక్షాన మన దేశంలో ఇంత పెద్ద లెక్కతో వచ్చిన ఉత్తర్వు అంతకు ముందు నాకు తెలిసి లేదు.

ఇక అసలు కథ. అదే సంవత్సరం సెప్టెంబరులో కేంద్రం 2010 నిబంధనలు తీసేసి కొత్తవి తెచ్చింది. కేంద్రంలో ఉన్న నియంత్రణ అథారిటీ పోయింది, బాధ్యత రాష్ట్రాలకు వచ్చింది. రాష్ట్రాలకు ఇవ్వడం తప్పని నేననను, మన చెరువు సంగతి ఢిల్లీకేం తెలుస్తుంది. నా బాధ నిర్వచనంతో. పాత నిబంధనల్లో ప్రధాన నదీ ప్రవాహాలు, వరి పొలాలు, సముద్ర తీర నిబంధనల కింద ఉన్నవి మాత్రమే మినహాయింపు. కొత్తవాటిలో తాగునీటికి, సాగుకు, చేపల పెంపకానికి, ఉప్పు తయారీకి, వినోదానికి మనిషి ప్రత్యేకంగా తవ్వుకున్నవన్నీ చిత్తడి నేలలు కాకుండా పోయాయి. అడవి చట్టాల కింద, వన్యప్రాణి చట్టం కింద ఉన్నవాటికీ ఈ నిబంధనలు వర్తించవు, వాటి చట్టాలే వాటికి దిక్కు.

ఇప్పుడు దీన్ని మన కృష్ణా గుంటూరు నేల మీద పరిచి చూడండి. బుడమేరు? నదీ ప్రవాహం అంటారు, బయటికి. పక్కన నీళ్లు నిలిచే వరి చేలు బయటికి. ఊళ్లలో సాగునీటి చెరువులు, మంచినీళ్ల చెరువులు మన తాతలు తవ్వించినవే కాబట్టి బయటికి. కొల్లేరు రామ్‌సర్ జాబితాలో ఉంది గానీ అభయారణ్యం హద్దులో ఉన్నంతమేరకు అది వన్యప్రాణి చట్టం లెక్క. దక్షిణాదిలో చెరువంటేనే కట్ట వేసి నిలిపిన నీళ్లు. ప్రకృతి తనంతట తాను చేసిపెట్టినదే చెరువు అనుకునేవాళ్లు రాసిన నిర్వచనం మన పంచాయతీ చెరువుకు ఎలా సరిపోతుందండీ? 2017 ఉత్తర్వుకు మురిసిపోయినవాళ్లలో ఈ నిర్వచనాన్ని చదివినవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

వదలని మనుషులు కోర్టులో ఇంకా ఉన్నారు కాబట్టి 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ కదిలించింది. 2021 అట్లాసు ప్రకారం లెక్క 2,31,195కు పెరిగింది, వీటన్నిటినీ నేల మీదికెళ్లి సరిచూసి, హద్దులు గీసే పని మూడు నెలల్లో పూర్తిచేయమని రాష్ట్రాలను ఆదేశించింది. మూడు నెలలట! ఒక అరెకరం కుంటకు సర్వేయర్‌ని తీసుకొచ్చి గొలుసు పట్టించడానికి నా దగ్గరికొచ్చే పార్టీలు ఎన్నిసార్లు తిరుగుతారో ఆ కోర్టువారికి ఎవరైనా చెబితే బాగుండు.

హద్దు దగ్గరే అసలు కీలకం ఉందని చెప్పడానికి కొల్లేరును మించింది లేదు. మీ పాఠకుల్లో కుర్రాళ్లకు తెలియకపోవచ్చు, అక్కడ చేపల చెరువులు దొంగచాటుగా మొదలవలేదు. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి లంక గ్రామాలవాళ్లకు ఇచ్చింది. తర్వాత పెట్టుబడి ఉన్నవాళ్లు లీజుల పేరుతో దిగారు. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, ఆ హద్దు 901 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద ఇన్ని వైభవాలున్నా గట్లు లేస్తూనే ఉన్నాయి. చివరికి సుప్రీంకోర్టు సాధికార కమిటీ కన్నెర్రజేస్తే 2005, 2006ల్లో ఆపరేషన్ కొల్లేరు అని పొక్లెయిన్లు దించి, మందుగుండు పెట్టి గట్లు తెగ్గొట్టారు. రెండేళ్లు తిరిగాయో లేదో, 2008లో మన అసెంబ్లీయే మూడో కాంటూరుకు కుదించమని తీర్మానం చేసి పంపింది. అలా చేస్తే అభయారణ్యం సగానికంటే తక్కువైపోతుంది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో కుదరదు పొమ్మంది. అయినా ఎన్నికలొస్తే చాలు, కైకలూరు సభల్లో మూడో కాంటూరు మాట మళ్లీ వినపడుతుంది. పార్టీ జెండాలు మారాయి, ఆ హామీ మారలేదు.

దీంట్లో లంక గ్రామాలవాళ్లని తిట్టి పెద్దమనిషిని అనిపించుకోవడం నాకిష్టం లేదు. వల వేసుకుని బతికే వడ్డి కులపు కుటుంబాన్ని ఒకసారి ప్రభుత్వమే చెరువు తవ్వుకోమంది, ఇంకోసారి ప్రభుత్వమే గట్టు తెంపింది, మధ్యలో లీజుకు తీసుకున్న పెద్దాయన తన లెక్క తాను చూసుకుని వెళ్లిపోయాడు. అలాంటిచోట కొల్లేరును కాపాడాలి అనే మాట వాళ్ల చెవికి మా పొట్ట కొట్టాలి అన్నట్టే వినపడుతుంది. కోర్టు ఒక్కటే తోస్తే బండి ఎంతదూరం వెళ్తుందో కొల్లేరు చూపించింది. ఇంకో సంగతి మర్చిపోకండి, బుడమేరు దిగువకు వెళ్లి చేరేది కొల్లేరులోకే, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. కింద మూత బిగుసుకుంటే పైనున్నవాళ్లకు మంచిది కాదని చెప్పడానికి ఇంజనీరే అక్కర్లేదు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ ఉదాహరణ శ్రీకాకుళం జిల్లా సోంపేట. అక్కడి బీలను, అంటే నీళ్లు నిలిచే పల్లపు నేలను, పనికిరాని భూమి అని రాసి థర్మల్ ప్లాంటుకు ఇచ్చారు. ఆ బీల నీళ్లతోనే వరి పండించుకునేవాళ్లు, చేపలు పట్టుకునేవాళ్లు ఊరుకోలేదు. 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. బీల మీద అవగాహన సదస్సు పెట్టింది ఎవరు? ఎవరూ లేరు. దాని మీద బతికేవాళ్లే దానికి కాపలా. ఒడిశా చిలికా సరస్సులో కూడా కథ ఇలాంటిదే గానీ అక్కడ ప్రభుత్వం కాస్త తెలివిగా నడుచుకుంది. 1993లో చిలికా రామ్‌సర్‌వాళ్ల ప్రమాద జాబితాలోకి ఎక్కింది, అంటే ప్రపంచం ముందు పరువు పోయింది. ఇసుక మేటలు వేసి సముద్రంతో సంబంధం తెగిపోతుంటే 2000లో కొత్త ముఖద్వారం తవ్వారు, ఉప్పునీళ్లు లోపలికొచ్చాయి, చేపలు పెరిగాయి, జాలర్లకు నాలుగు డబ్బులు కనిపించాయి. 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. జాలరికి లాభం కనపడింది కాబట్టి అక్కడ విధానం నిలబడింది.

పరువు కూడా చిన్న శక్తేం కాదని ఒప్పుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లయిందని 2022 ఆగస్టుకల్లా రామ్‌సర్ స్థలాలు 75 చేయాలని ఢిల్లీ పట్టుబట్టింది, చేసింది. తమిళనాడుకు అంతకు ముందు ఒక్కటే ఉండేది, కోడియక్కరై. 2015లో చెన్నై మునిగాక అక్కడ పళ్లికరణై చిత్తడి నేల మీద ఎంత గొడవ జరిగిందో మీరే రాశారు, ఇప్పుడు పళ్లికరణైతో కలిపి వాళ్లకు ఇరవై ఉన్నాయి. మనకు నిన్నా కొల్లేరే, ఇవాళా కొల్లేరే. బోర్డు పెట్టినంత మాత్రాన నీళ్లు ఆగవు, ఆ మాట నిజమే, కానీ అడిగే హక్కయినా ఉంటుంది కదా.

అమెరికాను పొగిడేవాళ్లకు ఒక మాట. అక్కడ పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో బురద నేలలు ఎండబెట్టి సాగుచేసుకోమని చట్టాలు చేసి రాష్ట్రాలకు ఇచ్చేశారు. బాతుల్ని కాల్చే వేటగాళ్లకు బాతులు దొరక్కుండా పోయేసరికి 1934లో వేట లైసెన్సుతో పాటు ఒక స్టాంపు కొనాలని పెట్టి ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొనడం మొదలెట్టారు. చూశారా, వేటగాడికీ అవసరమొస్తే పర్యావరణవాదే. అదే దేశంలో ఇల్లు కట్టుకుందామని తమ ప్లాటులో కంకర పోసుకున్న ఒక జంట ప్రభుత్వం అడ్డుపడిందని కోర్టుకెళ్లి, 2023లో సుప్రీంకోర్టు దాకా గెలిచింది. పైకి కనిపించేలా నదితోనో చెరువుతోనో ఆనుకుని కలిసి ఉంటే తప్ప ఆ బురద నేలకు కేంద్ర చట్టం రక్షణ ఉండదని తీర్పు. మళ్లీ నిర్వచనమే. మళ్లీ ప్లాటే. ఎక్కడైనా అంతేనేమో.

ప్లాటు అంటే గుర్తొచ్చింది. కుంట ఎలా మాయమవుతుందో నా బల్ల దగ్గర నుంచి బాగా కనిపిస్తుంది. ముందు ఎవరో ఒక మూల చెత్త పోస్తారు. వాసన వస్తోందని జనమే పూడ్చేయమంటారు. పాత ఇళ్లు పడగొట్టిన రబ్బిష్ వస్తుంది, దాని మీద ఎర్రమట్టి. ఒక చిన్న గుడి లేస్తుంది, దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది. కరెంటు స్తంభం వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే. తర్వాత ఇంటి పన్ను రసీదు, ఆ రసీదు పట్టుకుని నోటరీ కాగితం, కొన్నాళ్లకు క్రమబద్ధీకరణ పథకం అని ఒకటి వస్తుంది, అప్పుడు అందరూ నా దగ్గరికి వస్తారు. మా బంధువొకాయన ఇలాంటి వెంచర్లోనే స్థలం కొన్నాడు, వానాకాలం మొత్తం ఇంటి ముందు మోకాలు లోతు నీళ్లు, అమ్మినాయన ఫోన్ ఎత్తడు. ఈ మొత్తం వరసలో అంతా కుంటను తప్పించి రాసినవే తప్ప, కుంట పూడ్చమని ఆర్డరిచ్చిన కాగితం ఒక్కటీ ఉండదు.

అందుకే హైదరాబాదులో చెరువుల ఆక్రమణలు కూలగొట్టడానికి 2024లో హైడ్రా పెట్టినప్పుడు మన ఊళ్లోనూ చాలామంది ఈలలేశారు, మాకూ కావాలన్నారు. నాకు అంత సంబరం లేదు. కూలగొట్టడం అంటే అప్పటికే ఆలస్యమైందని. పైగా ముందు పడేది రేకుల షెడ్డే, ప్రహరీ కట్టుకున్న వెంచర్‌కు స్టే వస్తుంది.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చూడండి. ఊరి చెరువు అది, మహా అయితే నాలుగడుగులేస్తే చుట్టేయొచ్చన్నట్టు ఉంటుంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వేలల్లో దిగుతాయి. చెట్లు చాలకపోతే ఇనప చట్రాలు నిలబెట్టారు వాటికి గూళ్లు కట్టుకోవడానికి. ఆ వాసన, ఆ అరుపులు భరిస్తూ ఊరు ఊరంతా వాటిని కాపాడుకుంటోంది. మరి 2017 నిర్వచనం చేత పట్టుకుని వెళ్లి ఇది చిత్తడి నేలేనా అని అడిగితే ఆఫీసరు ఏం చెబుతాడు? మనిషి తవ్వుకున్న చెరువు సార్, మా పరిధిలోకి రాదు అనగలడు. అక్కడ కొంగలు బతుకుతున్నది ఊరి దయ మీద. ఊరివాళ్ల మనసు మారినా, ఎకరం రేటు మారినా అడ్డుకునే కాగితం గట్టిగా ఉండాలి.

నేనడిగేది పెద్దదేం కాదు. కోర్టు చెప్పిన హద్దులు మన ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు, ఏలూరు జిల్లాల్లో ఎంతవరకు గీశారో సర్వే నంబర్లతో సహా బయటపెట్టాలి. మనిషి తవ్వినదా దేవుడు తవ్వినదా అనే పేచీ లేకుండా రాష్ట్రం తన అధికారంతో వాగులు, చెరువులు, కుంటల నంబర్లను 22ఎ జాబితాలోకి, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలోకి, ఎక్కించాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ నంబరు కొట్టగానే కంప్యూటర్ లాక్ అయిపోవాలి, మంత్రి ఫోన్ చేసినా తెరుచుకోకూడదు. జాబితాలో నుంచి ఏ నంబరు తీసేసినా ఎవరు, ఎందుకు తీశారో పేపర్లో పడాలి. ఇప్పటికే బుడమేరు ఒడ్డున చిక్కుకున్న పేదవాళ్లకు ఇల్లు చూపించాకే కదిలించాలి, లేకపోతే వాళ్లనే అడ్డం పెట్టుకుని పెద్దవాళ్లు మళ్లీ నిర్వచనం మార్పిస్తారు. వరద వచ్చి జనం ఇంకా మర్చిపోని ఈ కొద్ది కాలంలోనే ఇది జరగాలి, ఇంకో రెండేళ్లు పోతే ఆపరేషన్ బుడమేరు గురించి అడిగేవాడూ ఉండడు.

మీ వంతుగా జిల్లా ఎడిషన్లో వారానికో మండలం చొప్పున ఆ సర్వే నంబర్ల మ్యాపు వేయండి. తహసీల్దార్లను సమాచార హక్కు కింద అడిగితే ఇవ్వక తప్పదు, ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి. పేజీ ఖాళీ లేదంటారా, ఆదివారం వచ్చే వెంచర్ల ప్రకటనల మధ్య ఒక కాలమ్ చాలు, స్థలం కొనేవాళ్లు ఎలాగూ ఆ పేజీయే చూస్తారు.

ఇట్లు
మీ పాత పాఠకుడు, ఒక దస్తావేజు లేఖరి
సత్యనారాయణపురం, విజయవాడ